చూడటానికి వచ్చినవాళ్ళ పుస్తకం

లాడ్జి గుమాస్తా నా ముందు ఒక కాగితం పెట్టి పేరు, వయసు, ఊరు రాయమన్నాడు. రాశాను. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. అక్కడ "వచ్చిన పని" అని ఉంది. పక్కన రెండు చిన్న చదరాలు. మొదటిది ఊరు చూడటానికి వచ్చినవాళ్ళకి. రెండోది ఊళ్ళో ఎవరినైనా కలవడానికి వచ్చినవాళ్ళకి. రెండోదానికి టిక్కు పెడితే ఆ మనిషి పేరు, చిరునామా, మనకేం వరసో కూడా కింద రాయాలి.

"చూడ్డానికాండీ, కలవడానికా?" అని గుమాస్తా అడిగాడు. నా వెనక ఇంకో ఇద్దరు పెట్టెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"చూడ్డానికే," అన్నాను.

నిజానికి నేను వచ్చింది మా అక్కను కలవడానికి. లాడ్జికి నాలుగు వీధుల అవతల అక్క బైండింగ్ షాపు, దాని మీద అక్క ఇల్లు. ఆ చిరునామా నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ రాస్తే ఆ గుమాస్తా అక్కడికి ఫోన్ చేస్తాడేమో, అవతల నుంచి అక్క "అలాంటివాళ్ళు నాకెవరూ లేరే" అంటుందేమో అని భయం వేసింది. అలా అనే హక్కు అక్కకు ఉంది.

ఎందుకు ఉందో కూడా చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట బావ మంచం పట్టాడు. అక్కకు ఫోన్లో ఏదీ అడగడం చేతకాదు, అడిగితే కాగితం మీదే అడుగుతుంది. ఉత్తరం వచ్చింది. "మీ బావ నిన్ను రెండుసార్లు అడిగారు. ఒకసారి వచ్చి కూర్చుని వెళ్ళు." అంతే, రెండు ముక్కలు. నేను బళ్ళో గుమాస్తా పని చేస్తాను. పరీక్షల రోజులు, సెలవు దొరకదని జవాబు రాశాను. రాసేటప్పటికి అది నిజమే.

ఆ నెలాఖరున బడివాళ్ళు సిబ్బందిని పన్నెండుమందిని ఒక బస్సులో విహారయాత్రకు తీసుకెళ్ళారు. తీసుకెళ్ళింది ఈ ఊరికే. పొద్దున దిగి గడియార స్తంభం ఎక్కాం. పైన ఒక పెద్ద పుస్తకం ఉంటుంది, వచ్చినవాళ్ళు ఏదైనా రాసి సంతకం పెట్టవచ్చు. అందరూ రాస్తుంటే నేనూ రాశాను. పుస్తకం ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఎడమ చేత్తో నొక్కి పట్టుకుని మరీ రాశాను. తలెత్తితే అక్క వీధి కనిపించింది. షాపు ముందున్న రేకుల పందిరి కూడా కనిపించింది. ఇంతమందిని వెంటబెట్టుకుని రోగి ఇంటికి ఎలా వెళ్తాం అనుకున్నాను. ఒక్కడినే వెళ్తే బస్సు వేళకి ఎలా వస్తాం అనుకున్నాను. అసలు సంగతి అవేవీ కావు. బావ నన్ను చిన్నప్పటి నుంచి కడుపు చెక్కలయ్యేలా నవ్వించిన మనిషి. నవ్వించలేని బావను చూసే గుండె నాకు లేకపోయింది. సాయంత్రం బస్సెక్కేశాను. ఆరు వారాలకు బావ పోయాడు.

అప్పుడు వెళ్ళాను. అక్క నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను ఈ ఊరు వచ్చి వెళ్ళిన సంగతి చెప్పడానికి ఇదా సమయం అనుకుని ఊరుకున్నాను. తర్వాత ఏడాది తిరిగేసరికి అక్క ఉత్తరాలు ఆగిపోయాయి. నేను రాస్తే జవాబు లేదు. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసేది. ఎందుకో నాకు అంతుపట్టలేదు. నా తప్పు నాకు తెలుసు గానీ, అది అక్కకు తెలిసే దారి లేదు కదా.

నేను రోజూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి దండం పెట్టుకునే మనిషిని. ఈ ఏడాది ఏమైందో, కళ్ళు మూసుకోగానే దేవుడికి బదులు ఆ రేకుల పందిరి కనబడటం మొదలైంది. ఒకరోజు ఉండబట్టలేక మా ఇంటావిడతో మొత్తం చెప్పేశాను. ఆవిడ కూర గిన్నె దింపి, చేతులు తుడుచుకుని, "దేవుడికి చెప్పుకున్నారు, నాకు చెప్పారు. చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ చెప్పారు," అంది. టిక్కెట్టు కూడా ఆవిడే తీయించింది, వెళ్ళడానికి మాత్రమే. తిరుగు టిక్కెట్టు ఏదంటే, అది జేబులో ఉంటే మీరు అక్కడ కూర్చుని గడియారమే చూస్తారు అంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆ వీధికి వెళ్ళాను. షాపు తలుపు తీసే ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరికి మూడుసార్లు నడిచాను. నాలుగోసారి చెప్పుల దుకాణం ఆయన "ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగేసరికి సిగ్గేసి, గడియార స్తంభం దగ్గరికి వచ్చి పడ్డాను.

అక్కడ ఒక గైడు అమ్మాయి గొడుగు పైకెత్తి జనాన్ని పోగు చేస్తోంది. పాత చేతిపనుల వీధులు నడిపించి చూపిస్తుందట. చేతిలో ఉన్న అట్ట మీద ఎక్కడెక్కడ ఆగుతారో రాసి ఉంది. తాళాలు చేసే ఇల్లు, అద్దాలకు చెక్కుడు పని చేసేవాళ్ళు, ఆ కిందే "పుస్తకాల బైండింగ్ షాపు, పది నిమిషాలు". నా కాళ్ళు వాటంతట అవే ఆ గుంపులో కలిశాయి. అందరితోపాటు నాకూ ఒక పసుపు టోపీ ఇచ్చారు. తప్పిపోకుండా గుర్తుకట. మీసం తీసేసి మూడేళ్ళయింది, పొట్ట పెరిగింది, పైన టోపీ. లోపలికి వెళ్ళొచ్చు, కళ్ళారా చూడొచ్చు, అక్క నన్ను చూడక్కర్లేదు. పిరికివాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది.

షాపు గుమ్మం ముందు గైడు మమ్మల్ని ఆపి, గొంతు తగ్గించి చెప్పింది. "లోపల అమ్మగారు ఎక్కువ మాట్లాడరు. మీ ముఖాలు కూడా చూడరు. చేతులే చూస్తారు. ఏమీ అనుకోకండి, ఆవిడ పద్ధతే అంత."

లోపల జిగురు వాసన. మా నాన్న బైండింగ్ షాపులోనూ ఇదే వాసన. గోడ పొడుగునా చెక్క ప్రెస్సులు, వాటి మధ్య నొక్కి పెట్టిన పుస్తకాలు. కిటికీ కింద బల్ల, బల్ల ముందు అక్క. జుట్టు మొత్తం తెల్లబడింది. కళ్ళజోడు ఒక కాడ విరిగితే బైండింగ్ దారంతో కట్టుకుంది. మూలన కాగితం కోసే మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆ మిషన్ బావది. బావ దాని చక్రం తిప్పుతూ నాటకాల్లో రాజులాగా మాట్లాడేవాడు.

జనం ఫొటోలు తీసుకున్నారు. ఎంత ముద్దుగా ఉందో ఈ షాపు అని ఒకావిడ అంది. ఇంకొకాయన, ఇవన్నీ ఇంకా చేత్తోనేనా, మిషన్లు రాలేదా అని అడిగాడు.

"వచ్చాయి," అంది అక్క తలెత్తకుండా. "చెయ్యి కూడా ఇంకా ఉంది."

అందరూ నవ్వారు. ఆయనే గుడ్డ కప్పిన మిషన్ చూపించి, అది పనిచెయ్యదా, ఎవరిది అని అడిగాడు. అక్క కాగితాలు మడుస్తూ, ఒకాయనది అని ఊరుకుంది. తొమ్మిదేళ్ళుగా ఇక్కడికి పసుపు టోపీలు వస్తున్నాయి, అడుగుతున్నాయి, జవాబు అయ్యేలోపు వెళ్ళిపోతున్నాయి. పది నిమిషాల మనుషులకి బావ గురించి ఎంత చెప్పగలదు? ఆ పది నిమిషాల మనుషుల్లో నేనూ ఒకడినై నిలబడి ఉన్నాను.

ఎవరైనా కూర్చుని కుట్టి చూడవచ్చు అంది గైడు. ముందు ఒక కుర్రావిడ కూర్చుని, వేలికి సూది గుచ్చుకుని లేచింది. ఇంక ఎవరూ ముందుకు రాలేదు. గైడు చుట్టూ చూసి, "తాతగారూ, మీరు రండి, మీకు ఓపిక ఉంటుంది," అని నా మోచెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. తాతగారు అన్నందుకు కోపం తెచ్చుకునే తీరిక కూడా లేకపోయింది. అక్కకూ నాకూ మధ్య మూరెడు బల్ల.

మడిచిన కాగితాల కట్టని మేం ఫారం అంటాం. ఫారం మీద ఫారం పెట్టి, మడత లోపలి నుంచి కుట్టుకుంటూ వచ్చి, చివర కింది ఫారం దారం చుట్టూ ఒక ముడి వెయ్యాలి. ఆ ముడిని లోకంలో బైండర్లందరూ ఒకలాగే వేస్తారు, మా ఇంట్లోవాళ్ళు తప్ప. మా నాన్నకు కుడి బొటనవేలు సగమే ఉండేది. ఆ సగం వేలితో అందరిలా దారం పట్టుకోలేక, బయట నుంచి లోపలికి, ఎడమ చేత్తో తిప్పి ముడి వేసేవాడు. చూసి నేర్చుకున్న మేమిద్దరం, వేళ్ళన్నీ ఉండి కూడా, అలాగే వేసేవాళ్ళం. ఆ ముడి వల్ల పుస్తకం ఎప్పుడూ కాస్త ఎడమకి ఒరుగుతుంది. పక్క షాపులవాళ్ళు వీళ్ళ పుస్తకాలకు పక్షవాతం అని ఎగతాళి చేసేవాళ్ళు. నేను బళ్ళో ఉద్యోగంలో చేరాక సూది పట్టలేదు. నలభై ఏళ్ళు దాటింది.

కాబట్టి జాగ్రత్తగా, అప్పుడే నేర్చుకుంటున్నవాడిలా కుట్టాను. కావాలని ఒకసారి తప్పు రంధ్రంలో దూర్చాను. అక్క వేలు వచ్చి సరైన రంధ్రం చూపించింది. గోరు కింద జిగురు ఎండి ఉంది. ఆ గోరు చూసి నా బుర్ర ఎటో పోయింది. ఫారం చివరికి ఎప్పుడు వచ్చానో తెలియదు. చూసుకునేసరికి నా ఎడమ చెయ్యి దారాన్ని బయట నుంచి లోపలికి తిప్పి, లాగి, బిగించేసింది.

అక్క చెయ్యి బల్ల మీద అలాగే ఆగిపోయింది. తల మాత్రం ఎత్తలేదు. గుంపువైపు తిరిగి, పాఠం చెబుతున్నట్టే చెప్పింది. "ఇప్పుడు ఈయన వేసింది తప్పు ముడి. ఇలా వెయ్యడం తెలిసినవాళ్ళు ముగ్గురే ముగ్గురు. అందులో ఒకరు పోయారు."

అదేదో సరదా మాట అనుకుని వాళ్ళు నవ్వారు. పది నిమిషాలు అయిపోయాయి. గైడు గొడుగు ఎత్తింది. ఒక్కొక్కరే బయటికి నడిచారు. నేను స్టూలు మీదే ఉండిపోయాను.

"అక్కా," అన్నాను.

అక్క నా టోపీ వంక చూసింది. "ఎన్ని రోజులైంది వచ్చి?"

"నిన్న రాత్రి దిగాను. లాడ్జిలో ఉన్నాను. నీతో ఒక సంగతి చెప్పాలి. బావకి బాగాలేనప్పుడు, సెలవు లేదని రాశాను చూడు, అప్పుడు నేను..."

"వచ్చావు," అంది అక్క. "తెలుసు."

టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"స్తంభం మీది పుస్తకాలు కుట్టేది నేనే. ఏడాదికి అట్ట ఊడి ఆ పుస్తకం నా దగ్గరికే వచ్చింది. కాగితాలు సర్దుతుంటే నీ రాత కనబడింది. తేదీ కూడా వేశావు. నీకు మొదటి నుంచీ తేదీ వేసే అలవాటు." దారం ముక్కను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. "ఏం రాశావో గుర్తుందా?"

లేదన్నట్టు తలూపాను.

"'చాలా బాగుంది. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది.'"

బయట గైడు తలలు లెక్కపెడుతోంది. ఒకటి తగ్గిందని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతోంది.

"అది సరే," అంది అక్క. "పుస్తకం ఎడమకి ఒరిగి ఉండి ఉంటుంది. చేత్తో నొక్కి పట్టుకునే రాసి ఉంటావు. నాన్న ముడి నీ చేతి కింద ఉంది. అదైనా చూసుకోలేదా?"

చూసుకోలేదు. చేతికి తెలిసి ఉంటుంది. నేను మాత్రం ఊరు చూస్తున్నాను.

గైడు గుమ్మంలోకి తల పెట్టి, "తాతగారూ, మీ కోసమే ఆగాం," అంది. నేను అక్క వైపు చూశాను, ఉండమంటుందేమోనని.

"వాళ్ళతో వచ్చావు," అంది అక్క. "వాళ్ళతో వెళ్ళు."

వెళ్ళాను. ఇంకా ఏవో రెండు ఇళ్ళు చూపించారు. ఏమీ గుర్తు లేదు. చివర అందరూ ఒకరికొకరు చెయ్యి ఊపుకుని విడిపోయారు. మధ్యాహ్నం నుంచి లాడ్జి గదిలో మంచం మీద కూర్చున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే మా ఇంటావిడ, చెప్పారా అని ఒక్కటే అడిగింది. నేను చెప్పక ముందే తెలుసట అన్నాను. అయితే ఇన్నేళ్ళ నుంచీ మీ అక్క ఒక్కతే ఇది మోస్తోందన్నమాట అంది.

ఆ మాటతో గదిలో ఇంక కూర్చోలేకపోయాను. వీధిలోకి వచ్చి దిక్కులు చూస్తూ నడిచాను. దేవుడి గురించి కూడా ఒక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్ళుగా పొద్దున్నే ఆయన ముందు నిలబడుతున్నాను. దండం పెట్టుకుని, నాలుగు ముక్కలు చెప్పుకుని, బడికి వేళవుతోందని వచ్చేస్తున్నాను. నేను చూసి వస్తున్నానా, కలిసి వస్తున్నానా? ఆయనేమైనా ఒకసారి వచ్చి కూర్చుని వెళ్ళు అన్నాడా, నేను సెలవు లేదన్నానా? నాకు తెలియదు. పెద్దవాళ్ళనెవరినైనా అడగాలనుకున్నాను. ఎవరిని అడగాలో కూడా తోచలేదు.

పొద్దున్నే లాడ్జి బల్ల దగ్గరికి వెళ్ళి, నేను రాసిన కాగితం ఒకసారి ఇమ్మన్నాను. దిద్దకూడదండీ, కావాలంటే కొత్తది రాయండి అన్నాడు గుమాస్తా, మొహం చిట్లించి. కొత్తది రాశాను. రెండో చదరంలో టిక్కు పెట్టి, కింద అక్క పేరు, చిరునామా రాశాను. వరస దగ్గర "అక్క" అని రాశాను.

"వాళ్ళకి ఫోన్ చేసి చెప్పమంటారా?" అన్నాడు.

"వద్దు. నేనే వెళ్తున్నాను," అన్నాను. పసుపు టోపీ బల్ల మీద పెట్టి, ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను.

షాపు ఇంకా తెరవలేదు. పక్కనే పై ఇంటి మెట్లకు వేరే తలుపు ఉంది. గంట నొక్కి, రెండు అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను. చాలాసేపు చప్పుడు లేదు. రెండోసారి నొక్కడానికి చెయ్యి రాలేదు. లోపల నెమ్మదిగా మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. ఒక్కో మెట్టుకి ఒకసారి ఆగి, మళ్ళీ ఇంకో మెట్టు. అక్కకు మోకాళ్ళ నొప్పులని నాకు అప్పటిదాకా తెలియదు.

తలుపు తెరిచి అక్క నా ముఖం చూసింది. చేతులు కాదు, ముఖమే. రమ్మనలేదు. వెనక్కి తిరిగి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. తలుపు మాత్రం వెయ్యలేదు. నేను వెనకే ఎక్కాను.

పైన రెండు గదులు. వెనక గదిలో కిటికీ పక్కన ఒక మంచం, దాని మీద మడత నలగని దుప్పటి. అక్క వంటింట్లో నుంచి ఒక కుర్చీ తెచ్చి మంచం పక్కన వేసింది.

"ఇక్కడే పడుకునేవారు," అంది. "కూర్చుని వెళ్ళమని రాశాను కదా. కూర్చో."

కూర్చున్నాను. అక్క కిందికి వెళ్ళిపోయింది. కాసేపటికి షాపు తలుపు తీసిన చప్పుడు, కాగితాలు సర్దుతున్న చప్పుడు వినబడ్డాయి.

ఖాళీ మంచం ముందు ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. మొదట దండం పెట్టబోయి మానుకున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. తలగడ ఉన్న వైపు నుంచి చూస్తే కిటికీలో గడియార స్తంభం నిండుగా కనిపిస్తోంది. పైన పిట్టగోడ దగ్గర మనుషులు పసుపు చుక్కల్లా కదులుతున్నారు. చేతులు చాపి ఒకరికొకరు ఊరు చూపించుకుంటున్నారు. నేను ఆ స్తంభం ఎక్కిన రోజున బావ ఇటు తిరిగి పడుకుని ఉన్నాడో, అటు తిరిగి పడుకుని ఉన్నాడో ఇప్పుడు ఎవరు చెబుతారు? స్తంభం గంట తొమ్మిది కొట్టింది, తర్వాత పది కొట్టింది. బావా అని ఒకసారి పైకే అన్నాను. అంతకంటే ఏమీ రాలేదు. అయినా లేవలేదు.

పదకొండు కొట్టాక కింద నుంచి అక్క గొంతు వినబడింది.

"రైలు ఎన్నింటికి?"

"టిక్కెట్టు తీసుకోలేదు," అన్నాను.

కింద కాగితాల చప్పుడు ఆగింది.

"అయితే దిగి రా," అంది అక్క. "సూదిలో దారం ఎక్కించాలి. నాకు కనబడటం లేదు."